దీర్ఘతరంగాలపై వర్టికల్, లూప్: హామ్ రేడియోలో రెండు యాంటెన్నాల చరిత్ర

రేడియో పుట్టినప్పటి నుంచీ యాంటెన్నా రెండు రూపాల్లో ఉంది. ఒకటి నేల మీంచి పైకి లేచి, పై కొసను గాలిలో వదిలేసిన తీగ. రెండోది రెండు కొసలూ కలిసి చుట్టుగా మారిన తీగ. అభిరుచితో రేడియో నడిపే హామ్‌లు మొదటిదాన్ని వర్టికల్ అనీ, రెండోదాన్ని లూప్ అనీ పిలుస్తారు. తరంగదైర్ఘ్యం ఇరవై, నలభై మీటర్లుండే బ్యాండ్లలో ఈ రెండింటి మధ్య ఎంపిక పెద్ద చిక్కు కాదు. తరంగదైర్ఘ్యం కిలోమీటరు దాటితే సంగతి మారుతుంది. అక్కడ పెరట్లో కట్టగలిగిన ఏ యాంటెన్నా అయినా తరంగం ముందు బహు చిన్నది. ట్రాన్స్‌మిటర్ ఇచ్చిన శక్తిలో దాదాపు అంతా వేడిగా పోతుంది. ఆ వేడి ఎక్కడ పుడుతుందన్నదే ఈ రెండు యాంటెన్నాల కథలో అసలు విషయం. వర్టికల్ తన శక్తిని ఎక్కువగా నేలలో పోగొట్టుకుంటుంది, లూప్ తన తీగలో పోగొట్టుకుంటుంది. దీర్ఘతరంగాల మీద పనిచేసిన వాళ్ళు ఎప్పుడు ఏది కట్టారు, ఎందుకు కట్టారు అన్నదానికి జవాబు చాలావరకు ఈ తేడాలోనే దొరుకుతుంది.

1887-88లో జర్మనీలోని కార్ల్స్‌రూలో హైన్రిక్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను పట్టి చూపినప్పుడు ఆయన చేతిలోని గ్రాహకం ఒక తీగ వలయమే. వలయంలో ఒకచోట సన్నని సందు ఉండేది. తరంగం తగిలినప్పుడు ఆ సందులో నిప్పురవ్వ మెరిసేది. వలయాన్ని తిప్పుతుంటే రవ్వ పెరగడం, తగ్గడం ఆయన గమనించాడు. లూప్‌కు దిక్కు తెలుస్తుందన్న సంగతి అలా మొదటి ప్రయోగాల్లోనే బయటపడింది. వర్టికల్ ఆ తర్వాత కొన్నేళ్ళకు వచ్చింది. 1895లో ఇటలీలోని బొలోన్యా దగ్గర పొంటెక్కియోలో గూల్యెల్మో మార్కోనీ తన స్పార్క్ గ్యాప్ ఒక కొసను ఎత్తున కట్టిన లోహపు పలకకు కలిపి, రెండో కొసను భూమిలో పాతాడు. అంతకు ముందు కొద్ది వందల మీటర్లు దాటని సంకేతం కొండ అవతలికి వెళ్ళింది. ఎత్తు పెంచితే దూరం పెరుగుతుందని, భూమి కూడా యాంటెన్నాలో సగభాగమని ఆయనకు అనుభవంలో తెలిసింది. అక్కడి నుంచి ప్రసార కేంద్రాలన్నీ ఎత్తు కోసం పోటీ పడ్డాయి.

ఆ పోటీ ఎంత దూరం వెళ్ళిందో 1901లో కనిపించింది. ఇంగ్లండ్ నైరుతి కొసలోని పోల్దూలో మార్కోనీ మనుషులు 60 మీటర్ల స్తంభాలు ఇరవై వలయాకారంలో నిలబెట్టారు. సెప్టెంబరులో గాలివానకు అవన్నీ కూలిపోయాయి. రెండు స్తంభాలు మళ్ళీ నిలిపి, వాటి మధ్య నుంచి 54 తీగలను విసనకర్రలా కిందికి దించి పని నడిపించారు. డిసెంబరు 12న కెనడా వైపు తీరంలో, న్యూఫౌండ్లండ్‌లోని సిగ్నల్ హిల్ మీద మార్కోనీ గాలిపటం ఎగరేసి, దానికి కట్టిన సుమారు 150 మీటర్ల తీగను యాంటెన్నాగా వాడి మోర్స్‌లో ‘ఎస్’ అక్షరం, అంటే మూడు చుక్కలు, విన్నానని ప్రకటించాడు. ఆ రోజు నిజంగా సంకేతమే వినిపించిందా, పిడుగుల రొదను సంకేతమనుకున్నారా అన్న చర్చ నేటికీ తెగలేదు. గాలిపటం మాత్రం వృథా కాలేదు. దీర్ఘతరంగాల మీద ప్రయోగం చేసే హామ్‌లు ఈ శతాబ్దంలోనూ గాలిపటాలతోనే వందల మీటర్ల వర్టికల్ తీగలను ఆకాశంలో నిలబెడుతున్నారు.

ప్రసారంలో వర్టికల్ రాజ్యమేలుతున్న కాలంలో లూప్ వినికిడి పనిలో కుదురుకుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు ఫెర్డినాండ్ బ్రౌన్ స్ట్రాస్‌బర్గ్‌లో చట్రానికి చుట్టిన తీగతో పారిస్ ఐఫిల్ టవర్ సంకేతాలను విన్నాడు. 1907 నాటికే ఇటలీకి చెందిన ఎత్తోరె బెల్లీని, అలెస్సాండ్రో తోసి కలిసి మరో మేలైన ఉపాయం కనిపెట్టారు. ఒకదానికొకటి అడ్డంగా రెండు పెద్ద లూప్‌లను కదలకుండా నిలబెట్టి, వాటి విద్యుత్తును గదిలోని రెండు చిన్న కాయిళ్ళలోకి తెస్తారు. ఆ కాయిళ్ళ మధ్య మూడో కాయిల్‌ను చేత్తో తిప్పితే చాలు, బయట అంత పెద్ద లూప్‌ను తిప్పినట్టే అవుతుంది. ఏ దిక్కున సంకేతం సన్నగిల్లిందో చూసి ప్రసార కేంద్రం ఏ వైపు ఉందో చెప్పేవారు. బ్రిటిష్ ఇంజినీరు హెచ్.జె. రౌండ్ ఈ పద్ధతితో తీరం వెంట దిక్కు కనిపెట్టే కేంద్రాలు నెలకొల్పాడు. 1916 మే చివర్లో రేవులో ఉన్న జర్మన్ యుద్ధనౌక దిక్కు ఒకటిన్నర డిగ్రీ మేర మారిందని ఆ కేంద్రాలు పట్టుకున్నాయి. నౌకాదళం కదిలిందని గ్రహించిన బ్రిటన్ తన నౌకలను పంపింది. జట్లండ్ యుద్ధం అలా మొదలైంది.

లూప్ దిక్కు చెప్పే తీరు తెలుగు ఇళ్ళలో చాలామందికి చేతి అనుభవమే. మీడియం వేవ్ ట్రాన్సిస్టర్ రేడియోలో యాంటెన్నా అంటే నల్లటి ఫెరైట్ కడ్డీ మీద చుట్టిన తీగ. అదొక చిన్న లూప్. 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ కేంద్రమో, 837 మీద విజయవాడ కేంద్రమో పెట్టి రేడియోను బల్ల మీద మెల్లగా తిప్పితే ఒకచోట శబ్దం బాగా పడిపోతుంది. అప్పుడు కడ్డీ కొస కేంద్రం వైపు చూస్తున్నట్టు. శబ్దం గరిష్ఠంగా ఉండే చోటు వెడల్పుగా, గుర్తుపట్టడానికి కష్టంగా ఉంటుంది. పడిపోయే చోటు మాత్రం చాలా ఇరుకు, కచ్చితంగా తెలుస్తుంది. దిక్కు కనిపెట్టేవాళ్ళు వినిపించే చోటును వదిలి వినిపించని చోటును వెతకడానికి కారణం ఇదే. అయితే అలా పడిపోయే చోట్లు రెండు, ఎదురెదురుగా ఉంటాయి. కేంద్రం ముందుందా, వెనకుందా అన్నది లూప్ ఒక్కటే చెప్పలేదు. దీనికి పరిష్కారం వర్టికల్ నుంచే వచ్చింది. అన్ని దిక్కుల నుంచీ సమంగా వినే చిన్న నిలువు తీగ సంకేతాన్ని లూప్ సంకేతానికి సరైన పాళ్ళలో కలిపితే ఒక వైపు బలం రెట్టింపై, రెండో వైపు సున్నా అవుతుంది. విమానాల్లో దశాబ్దాల పాటు దారి చూపిన పరికరం ఈ జంటే. ఏది మేలన్న వాదనలో పడి, రెండూ కలిస్తే ఏమవుతుందన్నది చాలామంది మరిచిపోతారు.

లూప్‌కు రాత్రిపూట ఒక జబ్బు ఉండేది. చీకటి పడ్డాక సంకేతం నేల వెంటే కాక అయనావరణం నుంచి పరావర్తనమై పైనుంచి కూడా దిగుతుంది. అందులో అడ్డంగా కంపించే భాగం ఉంటుంది. లూప్ పై భుజం, కింది భుజం ఆ భాగాన్ని పట్టుకోవడంతో దిక్కు తప్పుగా వచ్చేది. 1919లో బ్రిటిష్ సైనికాధికారి ఫ్రాంక్ ఆడ్‌కాక్ తీసుకున్న పేటెంటు దీనికి విరుగుడు. అడ్డ భుజాల ప్రభావాన్ని తీసేసి, విడివిడిగా నిలబెట్టిన వర్టికల్ జతలను మాత్రమే ఆయన వాడాడు. సంకేతం ఒక జతలోని రెండు తీగలను తాకడంలో ఉన్న తేడా నుంచి దిక్కు తెలుస్తుంది. లూప్ చేసే పనినే వర్టికల్‌తో చేయించిన మొదటి గట్టి ఉదాహరణ ఇది.

ఈలోగా హామ్‌లు దీర్ఘతరంగాల నుంచి బయటికి నెట్టబడ్డారు. అమెరికాలో 1912 నాటి రేడియో చట్టం వాళ్ళను 200 మీటర్లకు, అంతకంటే పొట్టి తరంగాలకు పరిమితం చేసింది. దూరప్రయాణం దీర్ఘతరంగాలకే సాధ్యమని ప్రభుత్వాలూ నౌకాదళాలూ నమ్మిన కాలమది. పనికిరావనుకున్న పొట్టి తరంగాలను హామ్‌ల చేతిలో పెట్టారు. వాళ్ళు 1923 నవంబరులో 110 మీటర్ల ప్రాంతంలో అమెరికా, ఫ్రాన్స్ మధ్య రెండు వైపులా మాట్లాడి చూపించారు. ఆ విజయంతో దీర్ఘతరంగాల సంగతి హామ్‌ల మనసులోంచే తొలగిపోయింది. మళ్ళీ వాటి దగ్గరికి రావడానికి దశాబ్దాలు పట్టింది.

వాళ్ళు లేని ఆ కాలంలో వర్టికల్ విద్య ప్రభుత్వాల చేతిలో పండింది. అందుకు నిలిచి ఉన్న సాక్ష్యం స్వీడన్‌లోని గ్రిమెటోన్. 1924 డిసెంబరులో పని మొదలుపెట్టిన ఈ కేంద్రం 17.2 కిలోహెర్ట్జ్ మీద, అంటే పదిహేడు కిలోమీటర్లకు పైబడిన తరంగదైర్ఘ్యం మీద ప్రసారం చేసేది. 127 మీటర్ల ఉక్కు స్తంభాలు ఆరు వరసగా నిలబడి ఉంటాయి. వాటి తలల మీద 46 మీటర్ల అడ్డ చేతులు, ఆ చేతుల మీద రెండు కిలోమీటర్లకు పైగా సాగే తీగలు. దూరం నుంచి చూస్తే అడ్డంగా కట్టిన యాంటెన్నాలా కనిపిస్తుంది కానీ తరంగాన్ని విడుదల చేసేవి స్తంభాల వెంట కిందికి దిగే నిలువు తీగలే. పైన పరిచిన తీగలు విద్యుదావేశాన్ని నిలిపి, నిలువు తీగలో పై దాకా సమంగా కరెంటు పారేట్టు చేస్తాయి. దీన్ని రూపొందించిన అమెరికన్ ఇంజినీరు ఎర్న్‌స్ట్ అలెగ్జాండర్‌సన్, పుట్టుకతో స్వీడన్ వాడే, ఇంకో కీలకమైన పని చేశాడు. ఒక్కచోటే నేలకు దించకుండా ఆరు చోట్ల, ప్రతి చోటా ఒక కాయిల్ ద్వారా, నేలకు కలిపాడు. కరెంటు ఆరు పాయలుగా నేలలోకి వెళ్ళడంతో నేల తినేసే శక్తి బాగా తగ్గింది. వర్టికల్‌కు శత్రువు నేల నిరోధమని గుర్తించి, దాన్ని తగ్గించడం మీదే డబ్బు పెట్టిన కేంద్రం ఇది. 2004లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పాత యంత్రాన్ని ఇప్పటికీ ఏడాదికి కొన్ని రోజులు తిప్పుతారు. ఆ రోజుల్లో ప్రపంచం నలుమూలలా హామ్‌లు లూప్‌లు, చిన్న నిలువు తీగలు పెట్టుకుని వింటారు.

నేల మరీ చెడ్డదైతే ఏం చేయాలన్న దానికి జవాబు అమెరికా నౌకాదళం దగ్గర దొరికింది. విస్కాన్సిన్‌లోని క్లామ్ లేక్ దగ్గర, జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి 76 హెర్ట్జ్ మీద నడిచిన కేంద్రం అది. 2004లో మూతపడింది. కిలోమీటర్ల పొడవున స్తంభాల మీద తీగలు కట్టి, రెండు కొసలనూ భూమిలో పాతారు. అక్కడి నేల కింద విద్యుత్తు సులువుగా పారని పాత రాతి పొర ఉంది. తీగలో వెళ్ళిన కరెంటు తిరుగుదారిలో భూమిలోపల చాలా లోతుకు దిగి వెనక్కి వస్తుంది. తీగ, భూమి కలిసి నిట్టనిలువుగా నిలబడిన ఒక మహా లూప్ అవుతాయి. వర్టికల్‌కు పనికిరాని రాతినేల అక్కడ లూప్‌కు ఆస్తి అయింది. ఈ కిటుకును కొందరు హామ్‌లు చిన్న ఎత్తున వాడారు. గుహల్లో ప్రమాదాలప్పుడు రక్షణ దళాలు వాడే 87 కిలోహెర్ట్జ్ ఫోన్లు కూడా, భూమిలో పాతిన రెండు మేకుల మధ్య తీగతో, ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. 2018లో థాయ్‌లాండ్‌లో గుహలో చిక్కుకున్న పిల్లల కోసం జరిగిన గాలింపులో అలాంటి ఫోన్లను వాడారు.

హామ్‌లు దీర్ఘతరంగాల వైపు తిరిగి రావడం చిన్న దారుల నుంచి మొదలైంది. అమెరికాలో లైసెన్సు అక్కర్లేని నియమాల కింద 160 నుంచి 190 కిలోహెర్ట్జ్ వరకు ఎవరైనా ఒక వాట్ ఇన్‌పుట్‌తో ప్రసారం చేసుకోవచ్చు. యాంటెన్నా, దానికి వెళ్ళే తీగ, ఎర్త్ తీగ అన్నీ కలిపి 15 మీటర్లు దాటకూడదు. తమను లోఫర్లని పిలుచుకునే వీళ్ళు ఆ 15 మీటర్లలోనే తలపైన టోపీలా తీగలు పరచడం, నేలలో యాంటెన్నా చుట్టూ చక్రపు ఆకుల్లా డజన్ల కొద్దీ రేడియల్ తీగలు పాతడం నేర్చారు. చెట్ల మధ్య ఇళ్ళున్న కొందరు లూప్‌ల వైపు మళ్ళారు. బ్రిటన్ 1996లో 73 కిలోహెర్ట్జ్ బ్యాండును హామ్‌లకు ఇచ్చి 2003లో వెనక్కి తీసుకుంది. యూరప్‌లో 1997 సిఫార్సు తర్వాత 135.7 నుంచి 137.8 కిలోహెర్ట్జ్ బ్యాండు ఒక్కో దేశంలో తెరుచుకుంది. జెనీవాలో జరిగిన 2007 ప్రపంచ రేడియో సమావేశం దాన్ని ప్రపంచమంతటికీ ఇచ్చింది. 2012 సమావేశం 472 నుంచి 479 కిలోహెర్ట్జ్ వరకు ఇంకో బ్యాండు కలిపింది. అమెరికన్ హామ్‌లకు ఈ రెండూ 2017లో అందాయి. మొదటిదాన్ని 2200 మీటర్ల బ్యాండని, రెండోదాన్ని 630 మీటర్ల బ్యాండని అంటారు. 2200 మీటర్ల మీద అన్ని దిక్కులా సమంగా విడుదల చేసే ఊహా యాంటెన్నాతో పోల్చి ఒక వాట్‌కు మించి విడుదల చేయకూడదు. 630 మీటర్ల మీద కొన్నిచోట్ల అయిదు వాట్ల వరకు వీలుంది. పాత కాలపు లక్షల వాట్ల పక్కన ఇవి ఏమీ కావు. అయినా ఆ ఒక్క వాట్‌ను గాలిలోకి పంపడం ఎంత కష్టమో లెక్క చూస్తే తెలుస్తుంది.

136 కిలోహెర్ట్జ్ మీద తరంగదైర్ఘ్యం 2200 మీటర్లు. దానిలో పావు వంతు 550 మీటర్లు. పెరట్లో స్తంభం 12 మీటర్లు లేచిందనుకుందాం. తలపైన తీగలు బాగా పరిచి, కరెంటు కింది నుంచి పై దాకా సమంగా పారేట్టు చేసినా ఆ యాంటెన్నా వికిరణ నిరోధం, అంటే గాలిలోకి వెళ్ళే శక్తికి లెక్కగా నిలిచే నిరోధం, 0.047 ఓమ్ మాత్రమే. తలపైన ఏమీ లేకపోతే అందులో నాలుగో వంతే. సాధారణ పెరటి నేల, కాయిల్ కలిసి తినేసే నిరోధం 60 ఓమ్‌లు అనుకుంటే ఇచ్చిన శక్తిలో గాలిలోకి వెళ్ళేది నూటికి 0.08 వంతు. ఊహా యాంటెన్నాతో పోల్చి లెక్కించే, అనుమతి ఉన్న ఆ ఒక్క వాట్ కోసం తీగలో 2.7 ఆంపియర్లు పారాలి, ట్రాన్స్‌మిటర్ 400 వాట్లకు పైగా ఇవ్వాలి. తీగ కెపాసిటెన్స్ 300 పికోఫారడ్లయితే దాన్ని శ్రుతి చేయడానికి నాలుగున్నర మిల్లీహెన్రీల కాయిల్ కావాలి. అంటే పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము మీద వందల చుట్లు. ఆ కాయిల్ పై కొసలో పది వేల వోల్టులుంటాయి. తీగ కొసల్లో నీలి వెలుగు కనిపించడం, ఇన్సులేటర్లు కాలిపోవడం, తడిసిన కొమ్మ తగిలి కాయిల్ అంటుకోవడం ఈ బ్యాండు హామ్‌లకు కొత్త కాదు. వానకు, గాలికి, పక్క చెట్లు చిగిర్చినప్పుడు యాంటెన్నా శ్రుతి తప్పుతుంది. కాయిల్ లోపల మరో కాయిల్‌ను తిప్పి శ్రుతి సరిచేసే వేరియోమీటర్ అనే పాతకాలపు పరికరం అందుకే మళ్ళీ వాడుకలోకి వచ్చింది.

అదే పెరట్లో 30 మీటర్ల పొడవు, 10 మీటర్ల ఎత్తున ఒక చుట్టు లూప్ కడితే లెక్క వేరు. 300 చదరపు మీటర్ల ఆ లూప్ వికిరణ నిరోధం 0.00012 ఓమ్. వర్టికల్‌తో పోలిస్తే దాదాపు నాలుగు వందల రెట్లు తక్కువ. చూడగానే లూప్ ఓడిపోయినట్టే అనిపిస్తుంది. కానీ దాని నష్టమూ అంతే తక్కువ. ఈ పౌనఃపున్యంలో కరెంటు రాగి పైపొరలో 0.18 మిల్లీమీటరు మందంలోనే పారుతుంది కాబట్టి 6 మిల్లీమీటర్ల లావు తీగ 80 మీటర్లకు నిరోధం 0.4 ఓమ్ ఉంటుంది. నేలలో పోయేదాన్ని పక్కన పెడితే సామర్థ్యం నూటికి 0.03 వంతు. సాధారణ నేల మీద వర్టికల్‌ది 0.08. తెలంగాణలోని గ్రానైట్ నేల లాంటి చోట వర్టికల్ నష్టం 150 ఓమ్‌లకు చేరితే దాని సామర్థ్యమూ 0.03కే దిగుతుంది. అక్కడ రెండూ సమానం. ఇక స్థలం ఉండి, చెట్ల మీదుగా వంద మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల ఎత్తున లూప్ లాగగలిగితే వికిరణ నిరోధం 0.005 ఓమ్ దాటుతుంది. వర్టికల్ వెనకబడుతుంది. వైశాల్యం రెట్టింపయితే లూప్ వికిరణ నిరోధం నాలుగింతలు అవుతుంది, తీగ నిరోధం అంతగా పెరగదు. లూప్ బలం ఎప్పుడూ వైశాల్యమే. చెట్ల సంగతి కూడా ఇక్కడ ముఖ్యం. పది వేల వోల్టుల వర్టికల్ చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం పచ్చి చెట్లలోకి శక్తిని లాగి వేడి చేస్తుంది. లూప్ చుట్టూ ప్రధానంగా ఉండేది అయస్కాంత క్షేత్రం. దానికి చెట్లు పెద్దగా అడ్డు రావు. లూప్‌కు ఉన్న బాధ వోల్టుల కంటే ఆంపియర్లది. పైన చెప్పిన చిన్న లూప్ ఆ ఒక్క వాట్ విడుదల చేయాలంటే అందులో 50 ఆంపియర్లకు పైగా పారాలి. ప్రతి అతుకూ వెల్డింగు అంత గట్టిగా ఉండాలి. పైగా లూప్ తన తలానికి అడ్డంగా ఉన్న దిక్కులకు దాదాపు ఏమీ పంపదు. పెద్ద లూప్‌ను తిప్పడం కుదరదు కాబట్టి ఏ వైపు మాట్లాడాలో ముందే నిర్ణయించుకోవాలి.

630 మీటర్ల బ్యాండులో ఈ అంతరం తగ్గుతుంది. పౌనఃపున్యం మూడున్నర రెట్లు పెరిగితే వర్టికల్ వికిరణ నిరోధం పన్నెండు రెట్లు పెరుగుతుంది, లూప్‌ది నూట నలభై రెట్లకు పైగా. రెండింటి మధ్య నాలుగు వందల రెట్ల తేడా ముప్ఫైకి దిగుతుంది. 2200 మీటర్ల మీద లూప్ ప్రసారం మొండివాళ్ళ పని అనిపిస్తే, 630 మీటర్ల మీద అది మామూలు ఎంపిక.

వినడం విషయంలో తూకం పూర్తిగా మారిపోతుంది. దీర్ఘతరంగాల మీద ఆకాశం నిశ్శబ్దంగా ఉండదు. ఎక్కడో వందల, వేల కిలోమీటర్ల అవతల పడే పిడుగుల రొద నిరంతరం వస్తూంటుంది. ఉష్ణమండలంలో వేసవి ఉరుముల కాలంలో మరీ ఎక్కువ. సంకేతం ఎంత పెద్దగా వచ్చింది అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, రొదతో పోలిస్తే ఎంత అన్నదే లెక్క. పది మీటర్ల నిలువు తీగ విద్యుత్ క్షేత్రాన్ని అయిదు మీటర్ల మేర అందుకుంటే, చదరపు మీటరు లూప్ ఒక చుట్టుతో అందుకునేది మూడు మిల్లీమీటర్లంత. అంత తేడా ఉన్నా, రొద కూడా అదే పాళ్ళలో తగ్గుతుంది కనుక మంచి ఆంప్లిఫయర్ ఉంటే రెండూ ఒకే సంకేతాన్ని ఒకే స్పష్టతతో వినిపిస్తాయి. అప్పుడు లూప్ దిక్కు గుణం అక్కరకొస్తుంది. పక్కింటి ఎల్‌ఈడీ బల్బు సరఫరా నుంచో, టీవీ నుంచో వచ్చే గోలను లూప్ తిప్పి సున్నా చేయవచ్చు. యూరప్‌లో 138.83 కిలోహెర్ట్జ్ మీద జర్మనీ నుంచి వచ్చే డీసీఎఫ్39 అనే బలమైన సంకేతం హామ్ బ్యాండును ఆనుకుని ఉంటుంది. దాన్ని కూడా లూప్‌తోనే అణిచేవారు. నిలువు తీగకు ఆ వీలు లేదు. అరచేతిలో పట్టేంత చిన్న నిలువు యాంటెన్నాలు ఇటీవల బాగా ప్రచారంలోకి వచ్చాయి. అవి బాగా పనిచేయాలంటే ఇంటికి దూరంగా, ఎత్తున పెట్టి, కేబుల్‌ను విడిగా ఎర్త్ చేయాలి. లేదంటే ఇంటి వైరింగులోని గోల కేబుల్ తొడుగు మీదుగా పైకెక్కి సంకేతాన్ని ముంచేస్తుంది. లూప్ చుట్టూ లోహపు గొట్టం తొడిగితే గోల ఆగుతుందన్న నమ్మకం హామ్‌లలో చాలాకాలంగా ఉంది. ఆ గొట్టం ఇచ్చే అసలు లాభం లూప్ రెండు సగాలూ నేలతో సమతూకంగా ఉండడం. జాగ్రత్తగా కట్టిన తెరిచిన లూప్ కూడా అదే ఫలితమిస్తుంది.

నూటికి 0.08 వంతు సామర్థ్యంతో సముద్రాలు దాటడం కాలం ఖర్చు చేయడం వల్ల సాధ్యమైంది. ఒక్కో మోర్స్ చుక్కను మూడు సెకన్లు, పది, అరవై సెకన్లు సాగదీసి పంపితే, అవతల కంప్యూటర్ తెర మీద చెవికి అందని సంకేతం కూడా గీతలా కనిపిస్తుంది. చుక్కకు అరవై సెకన్లయితే మార్కోనీ ‘ఎస్’ పూర్తి కావడానికి అయిదు నిమిషాలు పడుతుంది. 2001లో ఇంగ్లండ్, కెనడా హామ్‌లు ఇలాగే 136 కిలోహెర్ట్జ్ మీద అట్లాంటిక్ దాటి సంభాషణ పూర్తి చేశారు. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జో టేలర్ 2008లో విడుదల చేసిన డబ్ల్యూఎస్‌పీఆర్ అనే పద్ధతి ఈ పనిని యంత్రానికే వదిలేసింది. రెండు నిమిషాలకొకసారి సంకేతం పంపితే ఎవరికి ఎంత వినిపించిందో ఇంటర్నెట్‌లో జాబితా వస్తుంది. వర్టికల్, లూప్ మధ్య పోలిక అప్పటి నుంచీ వాదనల నుంచి కొలతలకు మారింది. ఒక హామ్ రెండు యాంటెన్నాలనూ ఒకే రాత్రి వంతులవారీగా నడిపి, వందల నివేదికలు చూసి తేల్చుకోవచ్చు. విడుదలైన శక్తి కొలవడానికీ చిన్న కొలత లూప్ వాడతారు. కిలోమీటరు దూరంలో మీటరుకు అయిదున్నర మిల్లీవోల్టుల క్షేత్రం ఉంటే ఒక వాట్ విడుదలైనట్టు. అలా వర్టికల్ పనితనాన్ని కొలిచి చెప్పేది చాలాసార్లు లూపే.

అతి దీర్ఘతరంగాల మీద ప్రభుత్వాలు నేటికీ వర్టికల్ బాటలోనే ఉన్నాయి. తమిళనాడు తిరునల్వేలి జిల్లాలో 1990లో మొదలైన ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ నుంచి భారత నౌకాదళం 18.2 కిలోహెర్ట్జ్ మీద జలాంతర్గాములకు సందేశాలు పంపుతోంది. అలాంటి రెండో కేంద్రానికి 2024 అక్టోబరు 15న వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో శంకుస్థాపన జరిగింది. అలాంటి కేంద్రాలకు కావలసిన ఎత్తు, భూమి హామ్‌కు ఎన్నడూ దొరకవు.

హామ్‌కు మిగిలిన తీర్పు ఇది. 2200 మీటర్ల మీద ప్రసారానికి తలపై తీగలు బాగా పరిచిన వర్టికల్, దాని కింద వీలైనన్ని రేడియళ్ళు. నేల రాతిదై, చుట్టూ ఎత్తైన చెట్లుంటే పెద్ద వైశాల్యపు లూప్. 630 మీటర్ల మీద రెండింటిలో స్థలానికి కుదిరినది. వినడానికి మాత్రం ఏ బ్యాండులోనైనా, ప్రసార యాంటెన్నాకూ ఇంటికీ దూరంగా, తిప్పగలిగే చిన్న లూప్ విడిగా ఉండాలి.